ఆతా హై సాబ్

మర్చిపోయిన మేడం అని ఎందుకన్నట్టు? రానిదాన్ని మర్చిపోవడమేమిటి, ఎన్నడన్నా వచ్చి ఉంటే కదా మర్చిపోవడానికి, ఆపాటి ఇంగితం ఆ క్షణంలో ఎటు పోయి చచ్చింది, ఆ చల్లటి గదిలో ఆ తిరిగే కుర్చీలో కూర్చుని ఆ మాట అన్నది నిజంగా తనేనా, అని మహేశ్వరి బస్సు కిటికీ ఊచకు నుదురు ఆనించి తనను తానే తిట్టుకుంటోంది. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా ఊచ నుదుటికి కొడుతోంది. కొట్టనీ, ఇంకాస్త గట్టిగానే కొట్టనీ. కరీంనగర్ వెనకపడింది, డ్యాం దారిలోని ఆ అద్దాల బిల్డింగు వెనకపడింది, బస్సు చొప్పదండి రోడ్డెక్కి తనకేమీ పట్టనట్టు పోతోంది. పక్క సీట్లో బాపు ఒళ్లో సంచి పెట్టుకొని, ముందు సీటు రేకు మీద ఎవరో గీకిన పేర్లను పరీక్షకు చదువుతున్నంత శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు. ఏమీ అడగడం లేదు. భయమంతా అదే. పెళ్లికి పోయి వస్తే కూరలేం పెట్టిండ్రని, ఆస్పత్రికి పోయి వస్తే సూది ఏ చేతికేసిండ్రని అడిగే మనిషి, ఊళ్లో ఎవరింటికి ఎవరొచ్చినా ముందు తనకు తెలియాలనే మనిషి, కన్నబిడ్డ ఇంటర్వ్యూ అయి మెట్లు దిగి వస్తే "ఆకలైతుందా బిడ్డా" అని తప్ప ఇంకో ముక్క అడగలేదు. అడుగు బాపూ, అడిగెయ్, అని లోపల ఒకపక్క. అడగకు, ఊరు వచ్చేదాకా అడగకు, దేవుడి మీద ఒట్టు, అని ఇంకోపక్క.

కండక్టరమ్మ వచ్చి ఆధార్ చూసి జీరో టికెట్ చించి ఇచ్చింది. టికెట్ మీద సున్నా. పొద్దున పోయేటప్పుడూ ఇదే సున్నా చేతిలో పడింది, అప్పుడైతే నవ్వొచ్చింది, "చూసినవా బాపు, నేను ఫుకట్ల పోతున్న, నువ్వే పైసల్ పెట్టి పోతున్నవ్" అని ఆయన్ను ఆటపట్టించింది కూడా. ఇప్పుడు అదే కాగితాన్ని చూస్తే ఎవరో మార్కులు వేసి ఇచ్చినట్టుంది. మడిచి అరటిపండు తొక్కతో పాటు కిటికీలోంచి పారేసింది. పండు బాపు తెచ్చిందే. బస్టాండులో "నువ్వు గీడ కూసో బిడ్డా, పండ్లు తెస్త" అని పోయిన మనిషి తమ బస్సు ఒకటి వచ్చి, నిండి, వెళ్లిపోయేదాకా రాలేదు. పండ్ల బండ్లు గేటు ముందే ఉంటాయి, అంతసేపు ఎటు పోయాడని అప్పుడు తోచలేదు. అప్పుడు బుర్రలో దేనికీ జాగా లేదు, మొత్తం ఆ ఒక్క మాటే కాళ్లు చాపుకొని కూర్చుంది. మర్చిపోయిన మేడం.

ఇంటర్వ్యూకు వచ్చిన ఆ ఉట్నూరు పిలగాడు ఎంత నిబ్బరంగా ఉన్నాడు! అంబదాస్ అని చెప్పాడు పేరు. రెండో అంతస్తులో నీలం సోఫాల మీద అందరూ ఫైళ్లు ఒళ్లో పెట్టుకొని, పెదాలు కదుపుతూ, ఏసీ చలికి మోచేతులు రుద్దుకుంటూ కూర్చుంటే, వాడొక్కడు మాత్రం కొత్త బూట్లు కరుస్తున్నాయని ఒకటి విప్పి పక్కన పెట్టుకొని కూర్చున్నాడు. ఊరి నుంచి ఉట్నూరు దాకా జీపు వెనక వేలాడుతూ వచ్చాడట, అక్కణ్ణుంచి బస్సులు మారాడట. "నాకైతే సగం రాదు అక్కా. అడిగితె రాదనే చెప్త" అన్నాడు, ఇవ్వాళ ఎండ లేదు అన్నంత మామూలుగా. తనకేమో పాపం, అడవి పిల్లవాడు, చెప్పేవాళ్లు లేరు కాబోలు అనిపించింది. అనిపించి ఊరుకుందా? సోఫాలో వాడి పక్కకు జరిగి, గొంతు తగ్గించి, పెద్ద ఆరిందాలాగా, "అయ్యో, గట్లనకు తమ్మీ. రాదంటే ఆడికెల్లే బయటికి పంపిస్తరు. ఏదడిగినా వస్తదనాలె. మా బాపు గల్ఫుల ఎన్ని ఇంటర్వ్యూలు చూసిండో" అని పాఠం చెప్పింది. వాడు బూటులో కాలు దూర్చుకుంటూ నవ్వాడు. "అబద్ధం చెప్తె నా మొఖం మీద కనపడ్తది అక్కా. మా ఆయి తలుపు కాడనే పట్టేస్తది. వీళ్లు పట్టరా?" వాళ్లవైపు అమ్మను ఆయి అంటారు. ఆ ఆయి ఎవరో గాని కొడుకుని అట్లా పెంచింది. తన పాఠం వాడు వినకపోవడమే మంచిదయింది, విని ఉంటే ఆ పాపం కూడా తన నెత్తినే ఉండేది. వాడు తనకంటే ముందు లోపలికి పోయాడు. నవ్వుతూ బయటికి వచ్చాడు. "చానా వాటికి రాదన్న అక్కా" అన్నాడు, ఏదో గెలిచి వచ్చినవాడిలా.

బస్సు చొప్పదండిలో ఆగింది. మక్కకంకులు కాల్చే బండి పొగ కిటికీలోంచి లోపలికి వచ్చి కళ్లు మండాయి, మంచిదే, ఎవరైనా చూస్తే పొగకనే అనుకుంటారు. బాపు చూడలేదు. మోకాళ్లు చేత్తో పట్టుకొని ఒకదాన్ని చాపుతున్నాడు, ఒకదాన్ని ముడుస్తున్నాడు. ఎక్కువసేపు కూర్చుంటే అవి పట్టేస్తాయి. మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ పరిచి పరిచి అరిగిపోయాయి, మస్కట్‌లో ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది హాయిగా నడుస్తున్నారో బాపు మోకాళ్ల మీద. మళ్లీ పిలుస్తున్నారు. పాత మేనేజరే కబురు పెట్టాడు, వీసా ఉంది, రమ్మని. ఏజెంటు పాస్‌పోర్టు అడుగుతున్నాడు. దసరా ముందు నుంచి ఇవ్వకుండా బాపు నానుస్తున్నాడు. "నీకు గీ కొలువొస్తే నేను పోను బిడ్డా. రెండు బర్లను పెట్టుకొని ఇంటికాడనే ఉంట" అన్నాడు ఒకరోజు అన్నం తింటూ, మామూలుగానే, కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు. అమ్మ బాలలక్ష్మి బీడీలకు తునికాకు కత్తిరించేది ఆగి, మళ్లీ కత్తిరించింది. ఆ మాట తర్వాత ఇక ఆ కొలువు కొలువు కాదు, బాపు మోకాళ్లు. అదీ సంగతి. దాన్ని పోయి, మర్చిపోయిన మేడం అని, ఆ గదిలో పారేసి వచ్చింది.

ఆతా హై సాబ్. అంతా అక్కణ్ణుంచే మొదలు. బాపు మొదటిసారి పోయేనాటికి తను ఇంకా పుట్టలేదు. బోరు ఎండిపోయి, పంట పోయి, కరీంనగర్‌లో ఒక లాడ్జి వెనక రేకుల షెడ్డులో గల్ఫు ఇంటర్వ్యూ అంటే వచ్చాడట. బొంబాయి సేటు ఒకడు కుర్చీలో కూర్చుని వరసలో ఉన్నవాళ్లను, టైల్స్ కా కామ్ ఆతా హై, టైల్స్ పని వచ్చా అని అడుగుతున్నాడు. బాపు అప్పటిదాకా టైల్‌ను చేత్తో ముట్టినవాడు కాదు, వాళ్లింట్లో నేలంటే పేడతో అలికిన మన్నే. ముందున్నవాడు నిజం చెప్పాడు, నహీ ఆతా అన్నాడు, మెడ మీద చెయ్యేసి బయటికి పంపారు. బాపు వంతు వచ్చింది. ఆతా హై సాబ్ అన్నాడు. చేసి చూపించమని ఇసుకా సిమెంటూ తాపీ ముందు పెట్టారు. పక్కన కూర్చున్నవాడు అసలైన మేస్త్రీ. వాడు తాపీ ఎత్తితే బాపూ ఎత్తాడు, వాడు మోకాలు మడిస్తే బాపూ మడిచాడు, "వాడు తుమ్మితే నేను గూడ తుమ్ముదును" అని ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు. ఎంపికయ్యాడు. అక్కడికి పోయాక కూడా అదే పద్ధతి. గ్రానైట్ ఆతా హై, పాలిష్ ఆతా హై, డ్రైవింగ్ తప్ప అన్నీ ఆతా హై. పగలంతా పక్కవాడి చేతులు చూడటం, క్యాంపులో అందరూ పడుకున్నాక విరిగిన ముక్కలతో చేసి చూసుకోవడం. ఇల్లు ఆ మాట మీదే లేచింది. తన బీటెక్ ఆ మాట మీదే అయింది. ఊళ్లో ఎవడు ఇంటర్వ్యూకు పోయినా ముందు బాపు సదానందం గడప తొక్కి పోవలసిందే, బాపు వాణ్ణి వాకిట్లో నిలబెట్టి, తను సేటులా కుర్చీలో కూర్చుని, గదమాయించి నేర్పేవాడు. కిందటి వారమంతా తననూ అట్లాగే నిలబెట్టాడు. "కంప్యూటర్ ఆతా హై?" "ఆతా హై సాబ్." అమ్మ పడీ పడీ నవ్వుతోంది. "ఇంగ్లీష్ ఆతా హై?" "ఆతా హై సాబ్." "గొంతు తగ్గియ్యకు బిడ్డా. గొంతు తగ్గిందంటే దొరికిపోతవ్. రాదన్న మాట నోట్లెకెల్లి రావద్దు, గంతే. ఒక్కపారి లోపలికి పోతే తర్వాత అన్నీ వస్తయి." ఎంత ముచ్చటగా ఉండింది ఆ సాయంత్రం. ఎంత నమ్మకంగా ఉండింది.

ఇంటర్వ్యూ మొదట్లో కూడా ముచ్చటగానే సాగింది, ఏడుపొచ్చేది అందుకే. మొదట్నుంచే పాడై ఉంటే ఇంత బాధ లేదు. గోడ మీద పెద్ద తెరలో హైదరాబాద్ నుంచి ఒక సార్, ఎదురుగా జ్యోతిరాణి మేడం, నూలు చీర, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. చదువులో చేసిన ప్రాజెక్టు గురించి చెప్పమన్నారు. వడ్ల కొనుగోలు కేంద్రంలో ఎవరి వంతు ఎప్పుడొస్తుందో ఫోనుకు చెప్పే యాప్. అది పుస్తకంలో చూసి చేసింది కాదు. నిరుడు బాపు కుప్ప దగ్గర కాపలా పడుకొని పడుకొని, ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని పోయేలోపు వంతు దాటిపోతే, ముసిరిన మొగులు చూసుకుంటూ మళ్లీ మొదటికి వచ్చి కూర్చున్నాడు, ఆ కోపంతో చేసింది. ఆ కోపం గొంతులోకి వచ్చి ఇంగ్లీషు దానంతటదే నడిచింది. కరెంటు పోతే ఏమవుతుంది, ఫోను లేని రైతు సంగతేమిటి అని తెర మీది సార్ అడిగితే అన్నిటికీ చెప్పింది. మేడం కళ్లద్దాలు తీసి, "మా నాయినది గూడ గదే గోస ఉండె" అంది తెలుగులో. ఆ ఒక్క మాటతో గది గది లాగా లేకుండా పోయింది, ఎవరింటి వాకిట్లోనో కూర్చుని మాట్లాడుతున్నట్టయింది. అక్కడే లేచి దండం పెట్టి వచ్చేసినా బాగుండేది. అప్పుడు మేడం కాగితం మీద తను రాసుకున్న విద్యల వరస చూస్తూ, డాకర్ వచ్చా అని అడిగింది. రాసిన ప్రోగ్రామును ఏ కంప్యూటర్ మీదికి తీసుకుపోయినా నడిచేట్టు టిఫిన్ డబ్బాలాగా సర్దిపెట్టే సాధనం అది, వీడియోలో ఒకసారి చూసింది, చేత్తో ముట్టలేదు. బాపు టైల్‌ను ముట్టనట్టే. వచ్చు మేడం అంది, గొంతు తగ్గించకుండా. "అయితే నీ వడ్ల యాప్‌నే అందులో పెట్టి చూపించు" అని మేడం ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది.

నల్లటి తెర. మూల ఒక చిన్న గీత ఆరుతోంది, వెలుగుతోంది. పక్కకు చూసింది. నిజంగానే చూసింది, తల తిప్పి మరీ, బాపు చెప్పిన ఆ మేస్త్రీ అక్కడ కూర్చుని ఉంటాడన్నట్టు. అక్కడ మంచినీళ్ల బాటిల్ ఉంది. పక్కవాడు లేని చోట ఆతా హై అంటే ఏం చెయ్యాలో బాపు చెప్పలేదు, బాపుకు అట్లాంటి చోటొకటి ఉంటుందని తెలియదు. ఏదో కొట్టింది, ఎర్రటి అక్షరాలు వచ్చాయి, చెరిపింది, ఇంకేదో కొట్టింది. తెర మీది సార్ కిందికి చూసి ఏదో రాసుకున్నాడు. మేడం రాసుకోలేదు. ముందుకు వంగింది. ఆమె అన్నది అక్షరం పొల్లుపోకుండా చెవుల్లో ఉంది, చచ్చేదాకా ఉంటుంది. "మహేశ్వరీ, రాకపోతే రాదని చెప్పమ్మా. ఏం కాదు. నీ యాప్ నాకు నచ్చింది. గిది మేం నేర్పిస్తం, గా నౌకరిల చేరినంక నెలరోజులు నేర్పించుడే ఉంటది. రాదంటే రాదని చెప్పు, చాలు." ఇంతకంటే ఎవరు చెప్తారు? తలుపు తెరిచి, గడపలో నిలబడి, చెయ్యి చాపి రమ్మంటోంది. రెండక్షరాలు. రాదు. అవి నోట్లోకి వచ్చాయి కూడా, నాలుక చివర కూర్చున్నాయి. కాని అదే క్షణాన ఆ రేకుల షెడ్డులో నిజం చెప్పి మెడ మీద చెయ్యి వేయించుకొని పోయినవాడు కళ్ల ముందు పోతూ కనిపించాడు, వాణ్ణి తను ఎన్నడూ చూడకపోయినా వాడి చొక్కా రంగుతో సహా కనిపించాడు, కుర్చీలో కూర్చుని బాపు, గొంతు తగ్గియ్యకు బిడ్డా అన్నాడు, తను వెన్ను నిటారుగా చేసి, గొంతు తగ్గించకుండా, "వచ్చు మేడం. మర్చిపోయిన" అంది. మేడం కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. ఆమె మొహంలో కోపం లేదు, ఉంటే నయంగా ఉండేది. ల్యాప్‌టాప్‌ను మెల్లగా తన వైపు తిప్పుకొని, థాంక్యూ, మెయిల్ చేస్తాం అంది, ఇంగ్లీషులో. ఇంగ్లీషులోకి వెళ్లిపోయింది. తను దూరమైపోయిందని అప్పుడే తెలిసింది.

నీలం సోఫా దగ్గర అంబదాస్ ఇంకా ఉన్నాడు, సాయంత్రం ఇంకో ఇంటర్వ్యూ ఉందట, ఉండమన్నారట. తనను ఎవరూ ఉండమనలేదు. వాడు రెండు బూట్లూ వేసుకొని లేచి నిలబడి, "నీదేమైంది అక్కా" అన్నాడు. బాగానే అయింది తమ్మీ అంది. అబద్ధం ఎంత అలవాటైపోయిందో, వాడికి కూడా చెప్పింది. వాడికి మాత్రం మొహం మీద కనిపించే ఉంటుంది. కింద బాపు గేటు దగ్గర వాచ్‌మన్‌తో కలిసి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, పొద్దున్నుంచీ ఆయనతో దోస్తానా కట్టి ఉంటాడు, వాళ్లిద్దరి మధ్య ఖాళీ చాయ్ కప్పులు. తను మెట్లు దిగుతుంటే వాచ్‌మన్ మొదట తనను చూశాడు, తర్వాత బాపును చూశాడు, తర్వాత తన పనేదో గుర్తొచ్చినట్టు లేచి గేటు వైపు పోయాడు. నచ్చినవాళ్లను పైనే ఉంచుకుంటారని వాచ్‌మన్‌కు తెలియదా? రోజూ చూస్తాడు. చూసి బాపుకు చెప్పకుండా ఉంటాడా? బాపు అడగకుండా ఉంటాడా? ఈ సంగతి ఇప్పుడు, ధర్మారం ఇంకా రాకముందు, రోడ్డు సగం దాకా ఆరబోసిన వడ్ల పక్కనుంచి బస్సు మెల్లగా తప్పుకుంటూ పోతుంటే తట్టింది. వడ్ల మీద ఒక ముసలామె కాళ్లతో గీతలు తీస్తూ నడుస్తోంది. ఆమె వంతు ఎప్పుడొస్తుందో చెప్పే యాప్ తన ఫోనులో ఉంది.

"నీళ్లు తాగు బిడ్డా, మొఖం గుంజుకపోయింది" అన్నాడు బాపు. సంచి జిప్పు తీశాడు. తువ్వాల, గొడుగు, మోకాళ్లకు రాసుకునే మందు సీసా, నీళ్ల బాటిల్. పొద్దున ఇదే సంచిలో తువ్వాల కింద పాస్‌పోర్టు ఉండింది, మందమైన ప్లాస్టిక్ కవర్లో, రబ్బరు బ్యాండు వేసి. అదెందుకు బాపు అని తనే అడిగింది, ఊకెనే తెచ్చిన అన్నాడు. ఇప్పుడు లేదు. తువ్వాల ఎత్తి చూడనక్కర్లేదు, సంచి అడుగు కనిపిస్తోంది. బస్టాండు వెనక సందులో ఏజెంటు ఆఫీసు. పండ్లు తెస్త అని పోయి అంతసేపు రాకపోవడం. గొంతులోకి పోతున్న నీళ్లు అడ్డం తిరిగి దగ్గొచ్చింది, బాపు వీపు మీద తట్టాడు, "మెల్లగ, మెల్లగ" అన్నాడు. తెలుసు. మెట్ల మీద తనను చూసినప్పుడే ఆయనకు తెలుసు. తెలిసే అడగలేదు, అడిగితే తను అబద్ధం చెప్పవలసి వస్తుందని అడగలేదు. తను ఊరు వచ్చేదాకా దాచాలని ఊచకు తల కొట్టుకుంటున్నదంతా, ఆయన అప్పటికే పాస్‌పోర్టుతో పాటు తీసుకుపోయి ఏజెంటు బల్ల మీద పెట్టి వచ్చాడు. ఇంకా ఏం మిగిలింది దాచడానికి? ఒక్కటి మిగిలింది. కొలువు ఎందుకు పోయిందో ఆయనకు తెలియదు. మేడం తలుపు తెరిచి పట్టుకున్న సంగతి, ఆయన నేర్పిన మాటే దాన్ని మూసేసిన సంగతి తెలియదు. అది తెలియకూడదు. ఆ ఒక్క మాట తప్ప ఆయన దగ్గర బిడ్డకు ఇవ్వడానికి ఇంకేముంది? ఉన్నదంతా అదే, అది తీసి ఇచ్చాడు. అది చెల్లలేదని ఏ నోటితో చెప్పడం?

ధర్మారంలో హనుమండ్లు ఎక్కాడు. తమ ఊరివాడే, ఇంటి వెనకిల్లు, బస్సులో ఉన్నా బావి గట్టున ఉన్నట్టే మాట్లాడతాడు. యూరియా సంచిని కాళ్ల సందున పెట్టుకొని, కడ్డీ పట్టుకొని నిలబడి, "సదానందమన్నా, మంచిగ దొరికినవ్! నేనే నీ ఇంటికి రావాల్నని అనుకుంటున్న. మా హరీష్‌గాన్ని గూడ గా అద్దాల బిల్డింగుల ఇంటర్వ్యూకు పిల్చిండ్రు, వచ్చే సోమారం. జర వానికి చెప్పే. ఏమడిగితె ఏమనాలె, నీకు తెల్వంది ఏమున్నది" అన్నాడు. బస్సులో ముందువాళ్లూ వెనకవాళ్లూ తలలు తిప్పారు. మహేశ్వరి కిటికీ వైపు తిరిగింది. చెప్పేస్తాడు ఇప్పుడు, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి ఆనుకొని, రాదన్న మాట నోట్లెకెల్లి రావద్దు అని చెప్పేస్తాడు, ఆ హరీష్ కూడా పోయి, నల్లటి తెర ముందు పక్కకు తల తిప్పి మేస్త్రీ కోసం వెతుకుతాడు. బాపు వెనక్కి ఆనుకోలేదు. సంచి జిప్పు లాగి మూశాడు, సరిగా మూసుకుందో లేదో చూశాడు. "నాది పాత ముచ్చట హనుమండ్లూ. గా ఇంటర్వ్యూలు వేరే ఉన్నయి. మా బిడ్డ పోయొచ్చింది, బిడ్డనే అడుగు" అన్నాడు.

హనుమండ్లు కడ్డీ వదలకుండానే ఇటు వంగాడు. "చెప్పు బిడ్డా. మావోనికి కొంచెమే వస్తది, కొంచెం రాదు. రానిది అడిగితె ఏమనాలె?" అతని మొహంలో ఎంత ఆశ. వాళ్ల హరీష్‌కు మీసాలింకా సరిగా రాలేదు, పెద్దమ్మా అంటూ అమ్మ దగ్గరికి వచ్చి పచ్చడి అడుక్కుపోతాడు. బాపు తన వైపు చూడటం లేదు, ముందు సీటు రేకును చూస్తున్నాడు, కాని చెవి ఇటే ఉంది, ఆయన చెవి ఎప్పుడు ఎటుంటుందో తనకు తెలుసు. ఏం చెప్పినా ఈ చెవిలో పడుతుంది. ఏదడిగినా వస్తదనమను కాకా, అని ఏదో ఒకటి అనెయ్యొచ్చు, అలవాటైన పనే. "రాకపోతే రాదనే చెప్పుమను కాకా" అంది. అనేసింది. పొద్దున నాలుక చివర కూర్చుని ఎంత బతిమాలినా కదలని మాట, ఇప్పుడు యూరియా వాసనలో, బస్సు రొదలో, ఎవరూ బలవంతం చెయ్యకుండా దానంతటదే దొర్లి వచ్చింది. "ఏం కాదు. పంపియ్యరు. రానిది వాళ్లే నేర్పిస్తరు." హనుమండ్లు నోరు తెరిచి, "గంతేనా? అయితె మావోనికి రంది లేదు, వాడు రాదనుట్ల ఫస్టు" అని పెద్దగా నవ్వాడు, వెనక సీటు ఆమె కూడా నవ్వింది, ఖాళీ సీటు దొరికితే హనుమండ్లు సంచి ఈడ్చుకుంటూ అటు పోయాడు.

ఇప్పుడు అడుగుతాడు బాపు. ఇప్పుడు తప్పించుకోవడానికి ఏమీ లేదు. వెల్గటూరు దాటాక రోడ్డు పక్కన పొలాలు కోసి బోసిగా ఉన్నాయి, ఇంకాసేపట్లో గోదారి గాలి తగులుతుంది, దిగవలసిన స్టేజీ వస్తుంది, అమ్మ రోడ్డు మీదికే వచ్చి నిలబడి ఉంటుంది. బాపు తన చేతులు చూసుకుంటున్నాడు. సిమెంటు తిని వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి, ఆధార్ సెంటర్లో వేలిముద్ర పడదని ప్రతిసారీ గొడవ. ఎంతమంది చేతులు చూసి నేర్చుకున్న చేతులు అవి. క్యాంపులో అందరూ పడుకున్నాక, విరిగిన ముక్కలు ముందేసుకొని, పట్టుబడతానేమోనని భయపడుతూ. ఆ కథ చెప్పినప్పుడల్లా తుమ్ము దగ్గర అందరం నవ్వాం, ఆ భయం దగ్గర ఒక్కరం కూడా ఆగలేదు.

"నేర్పిస్తరా?" అన్నాడు బాపు.

"ఆ బాపు. నౌకరిల చేరినంక నెలరోజులు నేర్పించుడే ఉంటదట."

"నీతోని అన్నరా గామాట?"

తల ఊపింది. ఊపకుండా ఉండవలసింది. ఆయన మోకాలు ఒకటి చాపాడు, మళ్లీ ముడిచాడు.

"రాదన్నోనికి గూడ నేర్పిస్తమంటరని నాకు తెల్వది బిడ్డా" అన్నాడు. గొంతు బాగా తగ్గించి అన్నాడు.